ఆటకూ తెలుగు రాతకూ ఒకే కీబోర్డు: హాల్ ఎఫెక్ట్ కీబోర్డును ఎంచుకున్న తీరు

ఇన్‌స్క్రిప్ట్ పద్ధతిలో (ఒక్కో మీటకు ఒక్కో తెలుగు అక్షరమో గుర్తో ఉండే కీబోర్డు అమరికలో) తెలుగు టైపు చేసేవారికి డి మీట అంటే పొల్లు (్). ఒత్తక్షరం కావలసిన ప్రతిచోటా ఎడమచేతి నడివేలితో ఆ మీటనే నొక్కాలి; "రాష్ట్రం" అన్న ఒక్క మాటకే దాన్ని రెండుసార్లు నొక్కుతాం. అదే డి మీట కౌంటర్-స్ట్రైక్ వంటి ఆటల్లో మనిషిని కుడిపక్కకు నడిపిస్తుంది, అక్కడ దాని మీద ఉండేది చూపుడువేలు. పగలంతా అనువాదాలూ ప్రూఫులూ చూసుకుని, రాత్రి భోజనాలయ్యాక తమ్ముడితో కలిసి గంటసేపు ఆడే నాకు ఒకే కీబోర్డు ఈ రెండు పనులూ చేయాలి. ఆటకు ఆ మీట వేలు తగిలీ తగలకముందే పలకాలి, అంటే నొక్కినట్టు కంప్యూటర్‌కు తెలియాలి, రాతకు మాత్రం వేలు దాని మీద ఊరికే ఆనించినంత మాత్రాన పలకకూడదు. మామూలు మెకానికల్ కీబోర్డులో ఈ రెండు కోరికలూ ఒకేసారి తీరవు. అయస్కాంతంతో పనిచేసే హాల్ ఎఫెక్ట్ కీబోర్డులో తీరుతాయి, కానీ మార్కెట్లో ఆ పేరుతో దొరికే ప్రతిదానిలోనూ తీరవు. ఒకటి కొని పొరబడి, రెండోది కొని ఏడెనిమిది నెలలుగా వాడుతున్న అనుభవంతో ఈ సమీక్ష రాస్తున్నాను.

మెకానికల్ స్విచ్‌లో రెండు లోహపు రేకులుంటాయి. మీట కిందికి దిగేటప్పుడు అవి ఒకదానికొకటి తగులుతాయి, అప్పుడు అక్షరం పడుతుంది. చాలామందికి తెలిసిన చెర్రీ ఎంఎక్స్ రెడ్ స్విచ్ మొత్తం 4 మిల్లీమీటర్లు దిగుతుంది, 2 మిల్లీమీటర్ల దగ్గర పలుకుతుంది. ఆ 2 అన్నది స్విచ్ తయారైనప్పుడే నిర్ణయమైపోయిన లోతు కాబట్టి దాన్ని మనం మార్చలేం. పైగా లోహం లోహానికి తగిలినప్పుడు క్షణకాలం అదురుతుంది; ఆ అదురును రెండు నొక్కులుగా లెక్కించకుండా ఉండడానికి కీబోర్డు కొన్ని మిల్లీసెకన్లు ఆగి చూస్తుంది. రేకుల మీద తేమా ధూళీ పేరుకుంటే ఆ ఆగడం కూడా చాలదు. విశాఖలో ఉన్న రోజుల్లో నా పాత కీబోర్డు రెండేళ్ళు తిరగకముందే ఒక్కసారి నొక్కితే రెండు అక్షరాలు వేయడం మొదలుపెట్టింది, సముద్రపు గాలే దానికి కారణమని నా అనుమానం.

హాల్ ఎఫెక్ట్ స్విచ్‌లో ఒకదానికొకటి తగిలే రేకులు లేవు. మీట కాడకు అడుగున చిన్న అయస్కాంతం, దానికి కింద సర్క్యూట్ బోర్డు మీద ఒక సెన్సర్ ఉంటాయి. అయస్కాంతం దగ్గరికి వచ్చేకొద్దీ సెన్సర్‌లో వోల్టేజి మారుతుంది. విద్యుత్తు ప్రవహిస్తున్న లోహపు రేకు దగ్గరికి అయస్కాంతాన్ని తెస్తే రేకు అడ్డంగా వోల్టేజి పుడుతుందని 1879లో అమెరికా భౌతికశాస్త్రవేత్త ఎడ్విన్ హాల్ కనిపెట్టిన విషయమే ఈ సెన్సర్‌కు ఆధారం. హనీవెల్ సంస్థ 1960ల చివరలోనే ఈ పద్ధతిలో కీబోర్డులు చేసింది కనుక ఇది నిన్నమొన్నటి వింత కాదు. కొత్తగా వచ్చినదల్లా ఆ వోల్టేజిని అంకెలుగా మార్చి, మీట ఏ క్షణంలో ఎంత లోతున ఉందో నిరంతరం లెక్కగట్టడం. లోతు తెలుస్తున్నప్పుడు ఎక్కడ పలకాలో మనమే చెప్పవచ్చు. కీబోర్డును బట్టి 0.1 నుంచి 4 మిల్లీమీటర్ల దాకా, ఏ మీటకు ఆ మీటకు, మనకు నచ్చిన చోట.

ఆట ఆడేవారు ఈ కీబోర్డుల కోసం ఎందుకు ఎగబడుతున్నారో తెలియాలంటే ర్యాపిడ్ ట్రిగ్గర్ అనే సదుపాయాన్ని చూడాలి. మెకానికల్ స్విచ్‌లో మీటను వదిలినప్పుడు అది ఒక నిర్ణీత స్థానం దాటి పైకి వస్తేనే "వదిలారు" అని కంప్యూటర్‌కు తెలుస్తుంది. ర్యాపిడ్ ట్రిగ్గర్ ఉన్నచోట మీట ఎంత లోతున ఉన్నా సరే, అక్కడినుంచి మనం చెప్పిన కొద్ది దూరం పైకి లేస్తే చాలు, వదిలినట్టే. మళ్ళీ ఆ కొద్ది దూరం కిందికి దిగితే నొక్కినట్టే. నెదర్లాండ్స్‌కు చెందిన వూటింగ్ అనే చిన్న సంస్థ దీన్ని అందరి నోటా పలికించింది. ఆ సంస్థ 60హెచ్ఈ కీబోర్డు వచ్చాక పెద్ద కంపెనీలు చాలా అదే దారి పట్టాయి.

కౌంటర్-స్ట్రైక్ 2లో దీని విలువ చేతికి తెలుస్తుంది. ఆ ఆటలో నడుస్తూ కాలిస్తే గుండు గురితప్పుతుంది. కుడివైపు పరుగెడుతున్న మనిషి గురిగా కాల్చాలంటే డి మీటను వదిలి, వెంటనే ఎడమకు నడిపే ఏ (A) మీటను ఒక్కసారి తట్టి, వేగాన్ని చంపుకుని, ఆ నిలిచిన క్షణంలో కాల్చాలి. డి వదిలానని కంప్యూటర్‌కు ఆలస్యంగా తెలిస్తే ఈ క్రమమంతా వెనకబడుతుంది. కొత్త కీబోర్డు మీద మొదటి వారం నా లయ చెడిపోయింది, ఎందుకంటే నా వేళ్ళు పాత ఆలస్యానికి అలవాటుపడి ఉన్నాయి. రెండో వారానికి ఆగడం, కాల్చడం ఒకే కదలికలా కలిసిపోయాయి. దీనివల్ల నేను గొప్ప ఆటగాణ్ణయ్యానని చెప్పను, కానీ వేలు అనుకున్నదీ తెరమీద జరిగేదీ ఒక్కటిగా ఉండడం అనే తృప్తి నిజమైనది. ఆ తృప్తి కోసమే అయినా నేను మళ్ళీ పాత స్విచ్‌లకు వెళ్ళను.

ఇక్కడ ఒక హెచ్చరిక తప్పనిసరి. చాలా హాల్ ఎఫెక్ట్ కీబోర్డుల్లో ఎస్‌ఓసీడీ అనో స్నాప్ ట్యాప్ అనో ఇంకో పేరుతోనో మరో సదుపాయం ఉంటుంది. ఏ (A), డి రెండూ ఒకేసారి నొక్కి ఉన్నప్పుడు ఆఖరున నొక్కినదాన్నే లెక్కలోకి తీసుకోమని కీబోర్డుకు చెప్పడమే అది. చేతి నేర్పుతో చేయవలసిన పనిని కీబోర్డు చేసిపెడుతోందన్న అభ్యంతరంతో ఆ ఆటను తయారుచేసిన వాల్వ్ సంస్థ 2024 ఆగస్టులో కౌంటర్-స్ట్రైక్ 2 అధికారిక సర్వర్లలో దీన్ని నిషేధించింది. వాడినట్టు గుర్తిస్తే ఆటలోంచి బయటికి పంపుతుంది. ఆ నిర్ణయం న్యాయమైనదేనని నా అభిప్రాయం. ర్యాపిడ్ ట్రిగ్గర్‌కు ఈ నిషేధం లేదు. పెట్టె మీద ఈ సదుపాయాన్ని పెద్ద అక్షరాలతో వేసిన కీబోర్డుకు కేవలం దానికోసమని ఎక్కువ డబ్బు పెట్టనవసరం లేదు.

ఇక రాత సంగతి. హాల్ ఎఫెక్ట్ కీబోర్డుల గురించి వచ్చే సమీక్షలు ఎక్కువగా ఆట దగ్గరే ఆగిపోతాయి, టైపింగ్ గురించి "బాగుంది" అని ఒక్క వాక్యంతో సరిపెడతాయి. నిజానికి ఆటకు సరిపడేలా మీటలు సర్దుకున్న కీబోర్డు మీద తెలుగు టైపు చేయడం నరకమే. ఆటలో మనిషిని నడిపే డబ్ల్యూ, ఏ, ఎస్, డి అనే నాలుగు మీటలూ ఇన్‌స్క్రిప్ట్‌లో వరుసగా ఐత్వం, ఓత్వం, ఏత్వం, పొల్లు. అంటే మొదట్లో ఆటకోసం నేను 0.2 మిల్లీమీటర్లకు దించిన నాలుగు మీటలూ మన రాతలో గుణింతపు గుర్తులే. నడివేలు ఊరికే డి మీద విశ్రాంతి తీసుకుంటుంటే "కమల" కాస్తా "క్మల" అవుతుంది. ర్యాపిడ్ ట్రిగ్గర్ కూడా తెరిచి ఉంటే వేలి చిన్న వణుకుకే పొల్లు రెండుసార్లు పడి, తెరమీద చుక్కల వలయం కనిపిస్తుంది. ఇంగ్లిషులో అదనంగా పడిన అక్షరం కళ్ళకు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. తెలుగులో అదనంగా పడిన పొల్లు పక్క అక్షరాన్ని ఒత్తుగా మార్చి మాటలో కలిసిపోతుంది కనుక ప్రూఫు చూసే కంటిని కూడా మోసం చేయగలదు. మొదటి నెలలో నేను పంపిన ఒక అధ్యాయంలో ఇలాంటివి పదకొండు దొరికాయి, ఆ సిగ్గు ఇంకా పోలేదు.

దీనికి మందు కీబోర్డులోనే ఉంది. రెండు ప్రొఫైళ్ళు, అంటే ఆటకొకటి రాతకొకటిగా విడి సర్దుబాట్లు, పెట్టుకోవాలి. నా రాత ప్రొఫైల్లో ర్యాపిడ్ ట్రిగ్గర్ పూర్తిగా మూసేశాను. అక్షరాల మీటలన్నీ 1.8 మిల్లీమీటర్ల దగ్గర, డి మాత్రం 2.2 దగ్గర, స్పేస్ బార్ 1.5 దగ్గర పలుకుతాయి. చిటికెనవేలు బలహీనమైనది కాబట్టి షిఫ్ట్ మీటను 1.2కు తేల్చాను, ఎందుకంటే ఇన్‌స్క్రిప్ట్‌లో ఖ, ఘ, థ వంటి వత్తు హల్లులకూ, పదం మొదట వచ్చే అచ్చులకూ షిఫ్ట్ తప్పదు. ఆట ప్రొఫైల్లో కదలిక మీటలు నాలుగూ 0.4 దగ్గర పలుకుతాయి, ర్యాపిడ్ ట్రిగ్గర్ తెరిచి ఉంటుంది, మిగతావన్నీ 1.5. చాలా పెట్టెల మీద గొప్పగా రాసే 0.1 దగ్గర ఎందుకు పెట్టలేదని అడగవచ్చు. మీట పైభాగంలో కొంత దూరం సెన్సర్ నమ్మకంగా చదవలేని కీబోర్డులు చాలా ఉన్నాయి; అక్కడ 0.1 అని పెట్టినా అది అంకెకే పరిమితం. నమ్మకంగా చదివే కీబోర్డులో పెడితేనేమో బల్ల అదిరినా మనిషి కదులుతాడు.

కనుక కొనేముందు మొదట అడగవలసిన ప్రశ్న, ఈ ప్రొఫైళ్ళు కంప్యూటర్‌లోని సాఫ్ట్‌వేర్‌లో ఉంటాయా, కీబోర్డు లోపలే నిలుస్తాయా అన్నది. లోపలే నిలవాలి, ఒక మీటల జంటతో మారాలి. ఆఫీసు కంప్యూటర్‌లో కొత్త సాఫ్ట్‌వేర్ పెట్టుకోవడానికి అనుమతి లేనివారికి ఇది మరీ ముఖ్యం.

రెండో ప్రశ్న కీబోర్డు పరిమాణం. నేను పొరబడింది ఇక్కడే. ఆటగాళ్ళ మెప్పు పొందిన కీబోర్డుల్లో ఎక్కువ భాగం అరవై శాతం పరిమాణానివి, అంటే అరవయ్యొక్క మీటలు. ఎలుకకు (మౌస్‌కు) చోటు దొరుకుతుంది, బల్ల ఖాళీగా కనిపిస్తుంది. నేనూ మొదట అటువంటిదే, తక్కువ ధరలో దొరికినది తెచ్చుకున్నాను. బాణం గుర్తులూ, హోమ్, ఎండ్ మీటలూ లేకపోతే ప్రూఫులు దిద్దడం కష్టమని తెలిసే కొన్నాను, ఫంక్షన్ మీటతో సర్దుకోవచ్చనుకున్నాను. తెలియనిది మరొకటుంది. పూర్తి కీబోర్డులో ఒకటి అంకెకు ఎడమపక్కన, ట్యాబ్‌కు పైన ఒక మీట ఉంటుంది. ఇంగ్లిషులో టైపు చేసేవారు దాన్ని ఏడాదికోసారి కూడా ముట్టుకోరు. ఇన్‌స్క్రిప్ట్‌లో అది ఒత్వం (ొ), షిఫ్ట్‌తో కలిపి నొక్కితే "ఒ". అరవై శాతం కీబోర్డులో ఆ చోటును ఎస్కేప్ మీట ఆక్రమిస్తుంది. "కొత్త" అని రాయాలంటే ఫంక్షన్ మీటను పట్టుకుని ఎస్కేప్ నొక్కాలి. "పొలం", "తొందర", "మొదలు", "రొట్టె", "ఒకరు" ఇవన్నీ అంతే. తెలుగులో ఒత్వం లేకుండా ఒక పేరా కూడా సాగదు. ఫంక్షన్ మీటను మరిచి నొక్కితే ఎస్కేప్ పడి, తెరమీద తెరిచి ఉన్న పెట్టె మూసుకుపోయేది. లేఖిని వంటి వాటిలో ఇంగ్లిషు అక్షరాలతో రాసేవారికి ఈ బాధ లేదు. ఇన్‌స్క్రిప్ట్ వాడేవారు మాత్రం అరవై శాతం కీబోర్డు జోలికి వెళ్ళవద్దు. మీటలను తిరిగి కేటాయించుకోవచ్చుగా అని దుకాణదారులు చెబుతారు, అప్పుడు ఆటలో అడుగడుగునా కావలసిన ఎస్కేప్ ఎక్కడికో పోతుంది.

ఆ అనుభవం తరువాత కొన్నది కీక్రాన్ కే2 హెచ్ఈ. ఇది డెబ్బై అయిదు శాతం పరిమాణం, ఎనభై నాలుగు మీటలు. పైన ఫంక్షన్ వరుస, ఎస్కేప్ దానిచోట అది, ఒత్వం దానిచోట అది, కుడి చివర హోమ్, ఎండ్, పేజీలు మార్చే మీటలు, కింద బాణం గుర్తులు. ప్రూఫులు చూసేవారికి కావలసినవన్నీ ఉండి కూడా నంబర్ ప్యాడ్ లేదు కనుక ఎలుకకు చోటు మిగులుతుంది. లోపల గేటరాన్ సంస్థ డబుల్ రైల్ అయస్కాంత స్విచ్‌లున్నాయి, వీటి కాడ అటూఇటూ ఊగకుండా నిటారుగా దిగుతుంది. ఎడమ అంచున ఉన్న చిన్న మీటతో విండోస్‌కూ మ్యాక్‌కూ మారవచ్చు. వైరుతో, 2.4 గిగాహెర్ట్జ్ రిసీవర్‌తో, బ్లూటూత్‌తో మూడు విధాలా కలుస్తుంది. ఆటకు వైరు గానీ రిసీవర్ గానీ వాడాలి, బ్లూటూత్ రాతకు మాత్రమే. సర్దుబాట్లన్నీ బ్రౌజర్‌లోనే చేసుకోవచ్చు, కాకపోతే క్రోమ్, ఎడ్జ్ వంటి బ్రౌజర్లే పనికొస్తాయి. ఫైర్‌ఫాక్స్‌లో కీబోర్డుతో మాట్లాడే ఆ సదుపాయం లేదు. స్పెషల్ ఎడిషన్ అంచులకు చెక్క పలకలున్నాయి, చూడడానికి ఇంట్లో వస్తువులా ఉంటుంది. ఈ తరహా కీబోర్డుల ముందు అంచు ఎత్తుగా ఉంటుంది కాబట్టి గంటల తరబడి రాసేవారు మణికట్టు కింద చెక్క దిమ్మె ఒకటి పెట్టుకోవడం మంచిది.

ఆటే ప్రధానమై, రాత ఇంగ్లిషుకే పరిమితమైనవారికి నేను వూటింగ్ పేరే చెబుతాను. వారి సాఫ్ట్‌వేర్‌లో ప్రతి మీట లోతూ కదులుతుండగా తెరమీద కనిపిస్తుంది, సర్దుబాటు నేర్చుకోవడానికి అంతకంటే మంచి బడి లేదు. 60హెచ్ఈ అరవై శాతం పరిమాణమే కనుక పైన చెప్పిన ఒత్వం కష్టం దానికీ వర్తిస్తుంది, 80హెచ్ఈకి వర్తించదు. స్టీల్‌సిరీస్ ఏపెక్స్ ప్రో 2019లోనే అయస్కాంత స్విచ్‌లతో వచ్చింది, ఆ తొలి నమూనాలో మధ్య భాగపు మీటలకే ఆ స్విచ్‌లుండేవి కనుక సెకండ్ హ్యాండ్‌లో కొనేవారు ఏ తరం కీబోర్డో చూసుకోవాలి. రేజర్ హంట్స్‌మన్ వీ3 ప్రోను దుకాణాల్లో హాల్ ఎఫెక్ట్ కీబోర్డుల పక్కనే పెడతారు. దానిలోనూ లోతు సర్దుబాటు, ర్యాపిడ్ ట్రిగ్గర్ ఉన్నాయి, కానీ లోపల పనిచేసేది అయస్కాంతం కాదు, కాంతి. పనితీరులో అది లోపమేమీ కాదు, స్విచ్‌లు మార్చుకోవాలనుకునేవారు తెలుసుకోవలసిన తేడా.

పోలింగ్ రేటు అంకెలకు భయపడవలసిన అవసరం లేదు. 1000 హెర్ట్జ్ అంటే కీబోర్డు ప్రతి మిల్లీసెకనుకూ ఒకసారి కంప్యూటర్‌తో మాట్లాడుతుంది, 8000 హెర్ట్జ్ అంటే 0.125 మిల్లీసెకనుకు ఒకసారి. లాభం ఒక మిల్లీసెకను లోపే. 144 హెర్ట్జ్ తెర ఒక్కో చిత్రాన్ని దాదాపు 7 మిల్లీసెకన్లు నిలుపుతుంది, 60 హెర్ట్జ్ తెర 16 మిల్లీసెకన్లకు పైగా. ఆ డబ్బు తెరకు పెట్టండి.

చేతికి ఎలా ఉంటుందన్నది అంకెల్లో చెప్పలేని సంగతి. అయస్కాంత స్విచ్‌లు దాదాపుగా అన్నీ లీనియర్, అంటే మధ్యలో చిన్న గడ్డలా తగిలి "అక్షరం పడింది" అని వేలికి చెప్పేదేమీ ఉండదు. అలాంటి గడ్డ తగిలే బ్రౌన్, బ్లూ స్విచ్‌ల మీద ఏళ్ళ తరబడి రాసినవారికి మొదట నీళ్ళలో నడిచినట్టుంటుంది. నాకు మూడు వారాలు పట్టింది. ఆ తరువాత మీటను అడుగు దాకా కొట్టడం తగ్గింది, సాయంత్రానికి ముంజేతులు లాగడం కూడా తగ్గింది. శబ్దం మెత్తగా, లోతుగా ఉంటుంది. పక్కగదిలో అమ్మ నిద్రపోతుండగా రాసుకోగలుగుతున్నాను. చవక కీబోర్డుల్లో స్పేస్ బార్, ఎంటర్ మీటలు గలగలలాడతాయి. ఇది హాల్ ఎఫెక్ట్‌కు సంబంధించిన దోషం కాదు, పొడుగు మీటల కింద ఉండే తీగ వదులుగా ఉండడమే. కొనేటప్పుడు ముందుగా స్పేస్ బార్ రెండు చివరలూ నొక్కి వినండి.

సంరక్షణలో మూడు మాటలు. మెకానికల్ స్విచ్‌లు వీటిలో పనిచేయవు; అయస్కాంత స్విచ్‌లలోనూ అయస్కాంతం బలం, ధ్రువం దిశ సంస్థను బట్టి మారుతాయి కనుక కీబోర్డు తయారీదారు పేర్కొన్నవే కొనాలి, మార్చిన వెంటనే క్యాలిబ్రేషన్ చేయాలి, అంటే మీట ఎక్కడినుంచి ఎక్కడిదాకా దిగుతుందో కీబోర్డుకు మళ్ళీ నేర్పాలి. అయస్కాంతంతో అంటుకునే ఫోన్ ఛార్జర్లు, ఫోన్ కవర్లు కీబోర్డుకు ఆనించి పెట్టకూడదు. సెన్సర్లన్నీ ఎప్పుడూ మేలుకునే ఉండాలి కాబట్టి వైర్‌లెస్ హాల్ ఎఫెక్ట్ కీబోర్డుకు బ్యాటరీ మెకానికల్ కంటే తొందరగా తరుగుతుంది. లైట్లు ఆర్పితే చాలావరకు ఊరట. లోహపు రేకులు లేవు కనుక సముద్రతీర ప్రాంతాలవారికి అక్షరాలు రెండేసి పడే బెడద తప్పుతుంది, అయితే సర్క్యూట్ బోర్డు సర్క్యూట్ బోర్డే, దానిమీద టీ ఒలికితే ఏ అయస్కాంతమూ కాపాడదు.

హైదరాబాద్‌లో ఉన్నవారు ఆన్‌లైన్‌లో కొనేముందు ఒకసారి సికింద్రాబాద్ పార్క్‌లేన్ వెళ్ళి, అందరూ సీటీసీ అని పిలిచే చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో తెరిచి ఉంచిన కీబోర్డుల మీద చేయి వేసి చూడండి. అక్కడ ఒక దుకాణంలో నాకు "మాగ్నెటిక్" అని చెప్పి చూపించిన కీబోర్డు మామూలు మెకానికల్; కాడ అడుగున అయస్కాంతం ఉందో లేదో మీటా స్విచ్ ఊడదీసి, చిన్న పిన్నీసు దగ్గరపెట్టి చూస్తే అర నిమిషంలో తెలిసిపోతుంది. ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటే, తిరిగి పంపే గడువు ముగియకముందే రాత ప్రొఫైల్ సర్ది "కొత్త రాష్ట్రం", "ఒత్తిడి", "వస్తున్నారు" అనే మాటలు వేగంగా యాభైసార్లు టైపు చేయండి. ఎక్కడైనా పొల్లు ఎక్కువైనా, తక్కువైనా క్యాలిబ్రేషన్ చేసి మళ్ళీ ప్రయత్నించండి. అప్పటికీ తప్పులు పడుతుంటే పెట్టెలో సర్ది పంపేయండి.